మా బిల్డ్‌లో రాని వార్నింగ్

మందుల పంపిణీదారుల కోల్డ్ రూముల్లో గోడకు బిగించిన చిన్న పెట్టె ఒకటి ఉంటుంది. లోపల ఎంత చల్లగా ఉందో కొన్ని నిమిషాలకోసారి చూసి రాసిపెట్టుకోవడం, హద్దు దాటితే గంట మోగించడం దాని పని. ఇన్సులిన్, చాలా రకాల టీకాలు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. వేడెక్కితే అవి చెడిపోతాయని అందరికీ తెలుసు. గడ్డకట్టినా చెడిపోతాయని అంతమందికి తెలియదు. ఒకసారి గడ్డకట్టి కరిగిన ఇన్సులిన్ వాడకూడదు. హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలూ అంతే. సీసా బయటికి మామూలుగానే కనిపించవచ్చు. అందుకే సున్నా కిందికి దిగిందని చెప్పే గంట, వేడెక్కిందని చెప్పే గంటతో సమానంగా ముఖ్యం.

నాచారం పారిశ్రామికవాడలో మేం తయారుచేసిన పెట్టెలో ఆ మొదటి గంట మోగేది కాదు. కొన్ని నెలలపాటు అలాగే ఫీల్డ్‌లో ఉంది. మోగదని కంపైలర్ మాకు ముందే చెప్పింది. మేం వినలేదు. ఇది ఒక్కరి వల్ల జరిగింది కాదు, మా టీం మొత్తం చేసింది. పెద్దవాళ్లం, చిన్నవాళ్లం, కోడ్ రాసినవాళ్లం, దాన్ని చూసి సరే అన్నవాళ్లం, అందరం ఇందులో ఉన్నాం. ఎవరి పేరూ రాయను. ఒక పేరు రాస్తే తప్పంతా ఆ పేరుకు అంటుకుని మిగతావాళ్లం ఒడ్డున పడతాం.

ఏం జరిగిందో వివరంగా చెప్పాలి. సీ భాషలో చార్ అనే డేటా టైప్ ఉంది. ఒక బైట్. అందులో మైనస్ అంకెలు పడతాయా లేదా అన్నది సీ ప్రమాణం తేల్చలేదు, కంపైలర్‌కు వదిలేసింది. మనం రోజూ వాడే ఇంటెల్ కంప్యూటర్లలో జీసీసీ అనే కంపైలర్ దాన్ని మైనస్ 128 నుంచి 127 దాకా పట్టేదిగా తీసుకుంటుంది. ఏఆర్ఎం చిప్‌ల దగ్గరికొచ్చేసరికి అది 0 నుంచి 255. మా పాత పెట్టెలోని చిప్‌ది మొదటి పద్ధతి. మెమరీ తక్కువ కాబట్టి ఉష్ణోగ్రతను పూర్తి డిగ్రీల్లో ఒక చార్‌లో దాచేవాళ్లం. ఆ చిప్ మీద అందులో తప్పేమీ లేదు. తర్వాత అది దొరకడం కష్టమై ఏఆర్ఎంకి మారాం. పాత కోడ్ ఎత్తి కొత్త చిప్ మీద పెట్టాం. కంపైలయింది. బోర్డు వెలిగింది. టేబుల్ మీద గది ఉష్ణోగ్రత సరిగ్గా చూపించింది, ఐసు ముక్కల డబ్బాలో పెడితే 1 చూపించింది. పరీక్ష అయిపోయిందనుకున్నాం. సున్నా కిందికి ఎవరం తీసుకెళ్లలేదు.

కోల్డ్ రూంలో మైనస్ 3కి దిగితే కొత్త పెట్టె దాన్ని 253గా చదివేది. ‘ఉష్ణోగ్రత సున్నా కంటే తక్కువైతే’ అనే షరతు కోడ్‌లో ఉంది. కానీ 0 నుంచి 255 మాత్రమే పట్టే గదిలో సున్నా కంటే తక్కువ అంకె ఎన్నడూ ఉండదు. దాని కింద గంట మోగించే లైన్లన్నీ చచ్చిన కోడ్. 253 డిగ్రీలంటే వేడికి సంబంధించిన గంటయినా మోగాలి కదా అంటారా? మోగేదే. కానీ సెన్సర్ తీగ వదులైతే పిచ్చి అంకెలు వస్తాయని, 80 దాటినదాన్ని రీడింగ్ కింద లెక్కపెట్టక్కర్లేదని, దాని బదులు అంతకుముందు వచ్చిన మంచి అంకెనే మళ్లీ రాయమని ఎప్పుడో ఒక లైను చేర్చుకున్నాం. దాంతో గడ్డకట్టే చలి మొత్తం పిచ్చి అంకెల లెక్కలో కొట్టుకుపోయింది. లాగ్‌లో తెల్లవార్లూ సున్నా దగ్గర ఒక తిన్నటి గీత మిగిలింది.

అది పట్టుకున్నది కూడా మేం కాదు. ఒక పంపిణీదారు దగ్గర స్టోర్ చూసుకునే ఆయన పట్టుకున్నాడు. కంప్రెసర్ ఆగుతూ నడుస్తూ ఉంటే ఉష్ణోగ్రత కాస్త పైకీ కిందికీ ఊగాలి కదా, ఇంత తిన్నగా ఎలా ఉంటుందని ఆయనకు అనుమానం వచ్చింది. మామూలు థర్మామీటర్ తెచ్చి మా పెట్టె పక్కన వేలాడదీశాడు. అది సున్నా కింద చూపించింది. ఫోన్ చేసి అడిగితే, “మీ థర్మామీటర్ ఒకసారి చెక్ చేయించండి సార్” అన్నాం.

మా కంపైలర్‌కు ఈ సంగతంతా తెలుసు. టైప్-లిమిట్స్ అనే వార్నింగ్ ఉన్నది దీనికోసమే. డేటా టైప్ పరిధి వల్ల ఈ పోలిక ఎప్పుడూ తప్పే అవుతుందని ఫైలు పేరుతో, లైను నంబరుతో సహా చెబుతుంది. అయితే జీసీసీలో డబ్ల్యూ-ఆల్ అనే ఫ్లాగ్ ఒక్కటే పెడితే ఇది రాదు, డబ్ల్యూ-ఎక్స్‌ట్రా కూడా పెట్టాలి. మా మేక్‌ఫైల్‌లో ఆల్ ఉంది, ఎక్స్‌ట్రా లేదు. ఎక్స్‌ట్రా పెట్టాలా వద్దా, పెడితే డబ్ల్యూ-ఎర్రర్ కూడా కలిపి వార్నింగ్ వస్తే బిల్డ్ ఆగిపోయేలా చెయ్యాలా అన్నదాని మీద అప్పటికే మాలో మేం చాలాకాలంగా వాదించుకుంటున్నాం.

ఆ రోజుల్లోనే కొత్తగా ట్రైనీగా చేరిన ఒక అమ్మాయి ఉండేది. వరంగల్ రోడ్డు మీది ఇంజనీరింగ్ కాలేజీల్లో ఒకదాంట్లో చదువుకుని, ఉప్పల్‌లో హాస్టల్లో ఉండి వచ్చేది. కోడ్ చదివి అర్థం చేసుకోమని అప్పజెప్పాం. తన మెషీన్ మీద తనే ఎక్స్‌ట్రా పెట్టుకుని బిల్డ్ చేసుకుంది. ల్యాప్‌టాప్ తెరిచి పట్టుకుని మా దగ్గరికి వచ్చింది.

“సార్, ఈ ఇఫ్ కండిషన్ ఎప్పటికీ ఫాల్సే అంటోంది సార్. టెంపరేచర్ ఫైల్‌లో. ఒకసారి చూస్తారా?”

“ఏ ఫ్లాగ్స్ పెట్టినవమ్మా?”

చెప్పింది.

“ఎక్స్‌ట్రా పెడితే అట్లాంటివి బోలెడు వస్తయి. మన బిల్డ్‌ల అది లేదు గద. మేక్‌ఫైల్‌ల ఉన్నవాటితోనే చెయ్యి.”

“సరే సార్” అని వెళ్లిపోయింది. అక్కడ మేం చాలామందిమే ఉన్నాం. ఒక్కరమూ స్క్రీన్ మీద ఆ లైను నంబరు చూడలేదు. చూసి ఉంటే ఆ ఫైలు తెరవడానికి నిమిషం పట్టదు. చార్ అని కనిపించేది, సున్నా కంటే తక్కువా అన్న ప్రశ్న కనిపించేది. ఏఆర్ఎం మీద చార్ సంగతి మాలో కొందరికి బాగానే తెలుసు, ఇంటర్వ్యూల్లో ఆ ప్రశ్న అడిగేవాళ్లం కూడా.

నేను ఎన్నిసార్లు తిరగేసి చూసినా మా తప్పు ఆ ఒక్క జవాబులోనే కనిపిస్తోంది. మన బిల్డ్‌లో రాలేదు కాబట్టి అది మన సమస్య కాదు అన్నాం. ఏ ఫ్లాగ్ పెట్టాలన్న వాదన తేలలేదు కాబట్టి, ఆ ఫ్లాగ్ చూపించే తప్పులకు మేం బాధ్యులం కామన్నట్టు ప్రవర్తించాం. వాదన ఎంతకాలం సాగితే మాకు అంతకాలం మినహాయింపు దొరికింది. తెలిసి చేసిన ఎత్తు కాదది. కానీ అందరికీ అందులో సుఖం ఉంది, అందుకే ఎవరం దాన్ని ముగించలేదు.

ఆ వాదన ఎలా సాగేదో చెప్పాలి. కొందరు కుర్రవాళ్లు అన్నీ ఆన్ చేసేద్దాం, ఎర్రర్ పెట్టేద్దాం అనేవారు. 2006లో నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీకి చెందిన గెరార్డ్ హోల్జ్‌మన్ భద్రత కీలకమైన కోడ్‌కు పది నియమాలు ప్రతిపాదించాడు. మొదటి రోజు నుంచే అన్ని వార్నింగ్‌లూ పెట్టి కంపైల్ చెయ్యాలి, ఒక్క వార్నింగ్ కూడా మిగలకూడదు అన్నది అందులో పదోది. వాళ్లు దాన్ని పట్టుకునేవారు. మొదటి రోజు నుంచి అన్న మాటను సీనియర్లు పట్టుకునేవారు: మన కోడ్ మొదటి రోజు ఎప్పుడో దాటిపోయింది, ఇప్పుడు ఆన్ చేస్తే వేలకొద్దీ వస్తాయి, పనిచేస్తున్న కోడ్‌ను కదిలిస్తే కొత్త బగ్‌లు వస్తాయి. అదీ అబద్ధం కాదు. పై మేనేజర్ రిలీజ్ తేదీ అడిగేవాడు. అదీ న్యాయమే. ముగ్గురి మాటా నిజమే కావడంతో ఎవరూ ఓడిపోకుండా మీటింగ్ ముగిసేది. టీ తాగి లేచేవాళ్లం.

ఈ మాటల వెనక ఇంకో విషయం ఉండేది, అది పైకి చెప్పేవాళ్లం కాదు. ఎక్కువ వార్నింగ్‌లు వచ్చే ఫైళ్లు మొట్టమొదట మా టీంలోని పెద్దాయన రాసినవి. ఆయన అంటే మాకు గౌరవం, అందుకు తగినవాడే. ఆయన రాసిన లైన్ మీద వార్నింగ్ చూపించడమంటే ఆయన్ను తప్పుపట్టడమే అన్నట్టు అందరం నడుచుకున్నాం. ఆయనైనా ఎవరన్నా అడిగితే మొహం చిట్లించేవాడు. చార్ అక్కడ రాసినప్పుడు అది సరైనదే, చిప్ మారినప్పుడు సరికాకుండా పోయింది అని ఆయనతో చెప్పగలిగిన మనిషి మాలో లేకపోవడం ఆయన లోపం కాదు.

నిజానికి అన్నీ పెడదామా, ఏదీ వద్దా అన్న ప్రశ్నే పనికిరాదు. ఎక్స్‌ట్రా పెడితే వచ్చే వేల వార్నింగ్‌లలో ఎక్కువ భాగం వాడని పారామీటర్ల గురించి, స్ట్రక్చర్‌లో విలువ ఇవ్వని ఫీల్డుల గురించి, మైనస్ పట్టే అంకెను పట్టని అంకెతో పోల్చడం గురించి. మూడింటికీ విడి ఫ్లాగ్‌లున్నాయి, వాటిని ఆపుకోవచ్చు. చిప్ కంపెనీ ఇచ్చిన హెడర్ ఫైళ్ల నుంచి వచ్చే గోలను ఆపాలంటే ఆ ఫోల్డర్‌ను ఐసిస్టం అనే ఆప్షన్‌తో ఇస్తే చాలు, జీసీసీ వాటిని సిస్టం హెడర్లుగా తీసుకుని నోరు మూసుకుంటుంది. టైప్-లిమిట్స్‌ను ఒక్కదాన్నే విడిగా ఆన్ చేసుకోవచ్చు. అలా చేస్తే మా మొత్తం కోడ్‌లో వచ్చినవి ఒక పూటలో చదివెయ్యగలిగినన్ని. తర్వాత చదివాం కాబట్టి తెలుసు. ఈ సంగతి అప్పుడూ మాన్యువల్‌లో ఉంది. మాకు తెలియక కాదు, తక్కువ పనిగా కనిపించే పరిష్కారం వాదనకు పనికిరాదు కాబట్టి ఎవరం దాన్ని బల్ల మీద పెట్టలేదు.

పెద్ద కోడ్‌బేస్‌లో ఇది తేలికని అనడం లేదు. 2021 సెప్టెంబరులో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్‌లో డబ్ల్యూ-ఎర్రర్‌ను అన్ని బిల్డ్‌లకూ డిఫాల్ట్ చేశాడు. రకరకాల కంపైలర్లతో, రకరకాల చిప్‌లకు కెర్నల్ బిల్డ్ చేసుకునేవాళ్లకు ఇబ్బందులు రావడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గి, టెస్ట్ బిల్డ్‌లకు మాత్రమే డిఫాల్ట్‌గా ఉంచాడు. కొత్త కంపైలర్ వస్తే కొత్త వార్నింగ్‌లు వస్తాయి, నిన్న అయిన బిల్డ్ ఇవాళ ఆగుతుంది, కాబట్టి ఆ అభ్యంతరం నిజమైనదే. కానీ మా పరిస్థితి అది కాదు. మాకు ఒకే కంపైలర్, దాని వెర్షన్ కూడా మేమే పట్టి ఉంచాం. లినక్స్ కష్టాన్ని మా బద్ధకానికి సాక్ష్యంగా తెచ్చుకున్నాం.

కొంతకాలం డబ్ల్యూ-ఎర్రర్ పెట్టి చూశాం కూడా. ఆల్ వరకే, ఒక మాడ్యూల్‌కే. బిల్డ్ ఆగుతుంటే అందరూ చేసింది ఒకటే: ఎక్కడ వార్నింగ్ వస్తే అక్కడ కాస్ట్ కొట్టడం. బ్రాకెట్లో ఒక టైప్ పేరు పెడితే కంపైలర్ ఊరుకుంటుంది. ఆ అంకె ఎక్కడి నుంచి వస్తోంది, ఎంత దాకా పోతుంది అని ఎవరూ చూడలేదు. సంఖ్య సున్నాకి వచ్చిందని గ్రాఫ్ వేసుకున్నాం. ఇలాంటి మౌనం ఎంత దూరం పోతుందో తెలియాలంటే డెబియన్ అనే లినక్స్ డిస్ట్రిబ్యూషన్ చరిత్ర చూడాలి. 2006లో డెబియన్ ఓపెన్ఎస్ఎస్ఎల్ ప్యాకేజీలో వాల్‌గ్రైండ్ అనే పరికరం ఇచ్చిన హెచ్చరికలు పోగొట్టడానికి రెండు లైన్లు తీసేశారు. వాటితోపాటు రహస్య కీలకు కావలసిన యాదృచ్ఛికతే పోయింది, దాదాపు ప్రాసెస్ నంబరు మాత్రమే మిగిలింది. రెండేళ్ల తర్వాత, 2008 మే 13న, ఆ లోపం బయటపెట్టేదాకా ఆ యంత్రాల్లో తయారైన కీలన్నీ ఊహించగలిగినవే. డెబియన్‌వాళ్లు ఆ రోజు బహిరంగంగా చెప్పి, అందరినీ కీలు మార్చుకోమన్నారు. ఈ మాట మళ్లీ వస్తుంది.

మా అలవాటు ఆఫీసులో మొదలైంది కాదు. మేం సీ నేర్చుకున్నది టర్బో సీ నీలి తెర మీద. ఉస్మానియా, జేఎన్‌టీయూ కాలేజీల ల్యాబుల్లో, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో 1990ల తర్వాత కూడా చాలాకాలం అదే. కంపైల్ చేస్తే చిన్న కిటికీ వచ్చేది, అందులో వార్నింగ్‌లు ఎన్ని, ఎర్రర్లు ఎన్ని అని రెండు గళ్లు. ఎర్రర్ గడి సున్నా అయితే చాలు. మెయిన్ ఫంక్షన్ విలువ తిరిగివ్వాలని వార్నింగ్ వస్తే, వాయిడ్ మెయిన్ అని రాస్తే అది పోతుందని ల్యాబ్ సార్ చెప్పాడు. మేం రాశాం. అదే వాయిడ్ మెయిన్‌కు జీసీసీ వార్నింగ్ ఇస్తుంది. రికార్డు పుస్తకంలో సంతకం పడింది, మార్కులు పడ్డాయి. సార్‌ని అని లాభం లేదు, ఆయనకూ అలాగే చెప్పారు. తర్వాత మేం అదే సీటులో కూర్చుని, ట్రైనీలకు మళ్లీ అదే చెప్పాం.

సీ కూడా దీనికి దారి ఇచ్చిన భాషే. బెల్ ల్యాబ్స్‌లో కంపైలర్ త్వరగా పనిచెయ్యాలని, అనుమానాలు పట్టే పనిని విడిగా లింట్ అనే ప్రోగ్రాంకి వదిలారు. స్టీఫెన్ జాన్సన్ 1978లో దాన్ని గురించి రాశాడు. పరిచయం చెయ్యని ఫంక్షన్‌ను పిలవడం 1999 ప్రమాణంలోనే పోయింది. జీసీసీ మాత్రం 2024లో వచ్చిన 14వ వెర్షన్‌తో గానీ దాన్ని ఎర్రర్‌గా మార్చలేదు. పాతికేళ్లపాటు ప్రపంచమంతా ఆ వార్నింగ్‌ను దాటుకుంటూ పోయింది. మేం ఒంటరివాళ్లం కాదన్నమాట. కానీ కోల్డ్ రూంలో ఇన్సులిన్ పెట్టుకున్న మనిషికి ఆ ఓదార్పు ఎందుకు పనికొస్తుంది?

తూర్పు హైదరాబాద్‌కు ఈ విషయంలో ఎక్కువ బాధ్యత ఉందని నేను నమ్ముతాను. సైబర్ టవర్స్ రాకముందే ఎలక్ట్రానిక్స్ ఈ వైపున ఉంది. 1967లో ఈసీఐఎల్ పెట్టారు, 1969లో అక్కడి నుంచి టీడీసీ-12 కంప్యూటర్ బయటికొచ్చింది. ఈసీఐఎల్‌ను నిలబెట్టిన ఏ.ఎస్.రావు గారి పేరుతో కాలనీ ఉంది. నాచారం, మల్లాపూర్, చర్లపల్లి షెడ్లలో బోర్డులు చేసే చిన్న సంస్థలన్నీ ఆ వాతావరణంలో పెరిగినవే. మేం చేసే వస్తువు స్క్రీన్ మీద యాప్ కాదు. తప్పయితే ఆ రాత్రే మరో వెర్షన్ ఎక్కించడానికి వీలుండదు. గోడకు బిగించి వదిలేస్తాం, మనుషులు దాన్ని నమ్మి తలుపేసి ఇంటికి వెళ్తారు.

లోపం తెలిశాక ఏం చేశామన్నది ఇంకా చెప్పలేదు, చెప్పాల్సింది అదే. కోడ్ మార్చడం పెద్ద పని కాలేదు. చార్ తీసేసి, మైనస్ పట్టే ఎనిమిది బిట్ల టైప్ పెట్టాం. పారేసే రీడింగులను పారెయ్యకుండా విడిగా రాయడం మొదలుపెట్టాం. ఇద్దరు మనుషులను పంపి ఒక్కో పెట్టెలో ఫర్మ్‌వేర్ మార్పించాం. కస్టమర్లకు పంపిన కాగితంలో మాత్రం ‘ఉష్ణోగ్రత రీడింగ్ మరింత మెరుగుపరిచాం’ అని రాశాం. ఆ వాక్యం మా అందరికీ చూపించారు. ఎవరం వద్దనలేదు. డెబియన్‌వాళ్లు అంత పెద్ద లోకం ముందు చెప్పగలిగిన మాట, మేం కొద్దిమంది దుకాణదారుల ముందు చెప్పలేకపోయాం.

ఆ అమ్మాయికి కూడా చెప్పలేదు. అప్పటికి తను వేరే ఉద్యోగానికి వెళ్లిపోయింది. నువ్వు చూపించిందే అని ఒక ఫోన్ చెయ్యడానికి మాలో ఎవరి దగ్గరా తన నంబరు లేక కాదు.

మేక్‌ఫైల్‌లో ఇప్పుడు టైప్-లిమిట్స్ ఉంది. కొత్త ఫైళ్లకు ఎక్స్‌ట్రా ఉంది, మా బిల్డ్ మెషీన్ మీద డబ్ల్యూ-ఎర్రర్ ఉంది. ఏ వార్నింగ్‌నైనా ఆపాలంటే ఆ లైను పక్కనే ఎందుకు ఆపుతున్నామో రాయాలని, ఇంకొకరు చదివి ఒప్పుకోవాలని పెట్టుకున్నాం. కాస్ట్ కొట్టి దాచినవి పాత ఫైళ్లలో ఇంకా ఉన్నాయి. వాటిని వరసగా చదువుతున్నాం, నెమ్మదిగా సాగుతోంది.

పాత లాగ్‌లు ఆ దుకాణాల కంప్యూటర్లలో ఇప్పటికీ ఉండి ఉంటాయి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ అడిగితే చూపించడానికే వాటిని దాచుకుంటారు. వాటిలో ఎక్కడైనా గంటల తరబడి ఒకే అంకె కదలకుండా కనిపిస్తే అది ఉష్ణోగ్రత కాదు, మా కోడ్ పారేసిన దాని స్థానంలో రాసుకున్న పాత అంకె. ఆ రాత్రుల్లో సరుకు గడ్డకట్టిందో లేదో ఆ లాగ్ చెప్పలేదు. ఈ రెండు వాక్యాలు కంపెనీ లెటర్‌హెడ్ మీద, మోడల్ నంబరుతో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకానో రాసి ప్రతి కస్టమర్‌కూ పంపాలని మా టీం నుంచి రాతపూర్వకంగా అడుగుతున్నాం. కింద అందరం సంతకాలు పెడుతున్నాం, పెద్దాయన కూడా.